పిల్లోడికి చెప్పమాకండి సిస్టరమ్మా

కారు అద్దాలు పూర్తిగా ఎక్కించినా ఘాటు ఆగదు. ప్రత్తిపాడు దాటి పెదనందిపాడు రోడ్డులో వెళ్తున్నారు మీరు. జనవరి నెలాఖరు. ఒక పక్క పత్తి చేలు ఆఖరి తీతలో ఉన్నాయి, ఇంకో పక్క మిరపలో మొదటి కోత. కల్లాల్లో పట్టాలు పరిచి కాయ ఎండబోశారు. తలకి గుడ్డ చుట్టుకున్న ఆడవాళ్లు వరసగా కూర్చుని తాలుకాయ ఏరుతున్నారు. కర్నూలు వైపు నుంచి కోతలకొచ్చిన కుటుంబాలు చేల పక్కనే గుడారాలు వేసుకున్నాయి. డ్రైవరు తుమ్ముతూనే నడుపుతున్నాడు. ముందు సీట్లో ఉన్న నర్సు సిస్టర్‌కి ఈ ఘాటు అలవాటే. ఆవిడ పుట్టింది ఈ నల్లరేగడిలోనే.

"ఇంట్లోకెళ్లాక పిల్లాడి వంక జాలిగా చూడమాకండి," అంటుంది మీతో. "వాళ్లకది ఇట్టే తెలిసిపోద్ది."

ఊరి పేరు రాయను. ఇంటి ఆనవాళ్లు కూడా కొన్ని మార్చాను. ఇలాంటి ఇల్లు మీ మండలంలోనూ ఉండే ఉంటుంది.

పిల్లాడికి పదకొండేళ్లు. మోకాలి పైన ఎముకలో మొదలైన క్యాన్సర్ ఊపిరితిత్తులకి పాకింది. కాలికి ఆపరేషన్ చేశారు, నెలల తరబడి కీమో పెట్టారు. సంక్రాంతికి ముందు పెద్దాసుపత్రిలో డాక్టర్లు తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి, జబ్బు ఇక మందులకి లొంగేలా లేదు, బిడ్డ బాధపడకుండా చూసుకుందాం అని చెప్పారు. అప్పట్నుంచీ ఇంట్లోనే ఉన్నాడు. నిన్న రాత్రి తల్లి ఫోన్ చేసింది. నొప్పి ఆగట్లేదు, రమ్మంది. పెట్టేసే ముందు ఇంకో మాట చెప్పింది: "పిల్లోడికి మాత్రం ఏం చెప్పమాకండి సిస్టరమ్మా."

రేకుల వసారా, వెనక రెండు గదుల స్లాబు ఇల్లు. ముందు గదిలో సగం పత్తే. ధర పెరుగుతుందేమోనని అమ్మకుండా పోసిన కుప్ప కిటికీ ఎత్తు వరకూ ఉంది. మిగతా సగంలో నవారు మంచం. పిల్లాడు గోడకి ఆనుకుని కూర్చునే ఉన్నాడు. పడుకుంటే ఊపిరాడదు. ఒక చెయ్యి మంచంకోడు మీద బిగించి ఉంది, వేళ్ల కణుపులు తెల్లబడేంత గట్టిగా.

సిస్టర్ చెప్పులు విప్పి నేల మీద కూర్చుంటుంది, వాడి మొహం కన్నా తన మొహం కిందికి ఉండేట్టు. మీరూ కూర్చోండి.

"ఏం నాన్నా, పది రూపాయల్లో ఎన్ని రూపాయల నొప్పి?"

వాడు జవాబు చెప్పడు. తల్లి వంక చూస్తాడు. ఆవిడ మంచినీళ్ల కోసం లోపలికెళ్లేదాకా ఆగి, గొంతు తగ్గించి చెప్తాడు. "ఎనిమిది."

"అమ్మ ముందు అడిగితే?"

"మూడని చెప్తా. ఎనిమిదంటే ఏడుస్తది."

చెంబుతో తల్లి తిరిగొస్తుంది. వాడి చెయ్యి మంచంకోడు వదిలి ఒళ్లోకి వచ్చేస్తుంది. ఆవిడ కోసం వాడు, వాడి కోసం ఆవిడ, ఇద్దరూ ఒకే గదిలో దాచుకుంటున్నారు.

మాత్రలు చూపించమంటుంది సిస్టర్. బియ్యం డబ్బా వెనక నుంచి కవరొకటి వస్తుంది. మార్ఫిన్. నాలుగ్గంటలకొకసారి పడాల్సిన మందు. అట్టలు దాదాపు నిండుగానే ఉన్నాయి. సిస్టర్ వాటిని చూసి తలెత్తేలోపే వసారాలోంచి నాయనమ్మ గొంతు.

"నేనే వద్దన్నా. మా ఆడబిడ్డ మొగుడికీ ఆఖర్న ఇదే ఇచ్చారు. రెండ్రోజుల్లో పోయాడు. పిల్లోడికి మత్తుమందు పెడతారంటమ్మా?"

సిస్టర్ వాదించదు. లేచి వసారాలోకి వెళ్లి ఆవిడ పక్కన కూర్చుంటుంది. "ఆయన ముందు ఎన్నాళ్లు నొప్పితో ఉన్నాడు నాయనమ్మా?"

"ఆర్నెల్లు. వీధి చివరికి వినపడేది ఆ అరుపు."

"ఆ ఆర్నెల్లూ ఎవరూ ఇవ్వలేదు. పోయే ముందు రెండ్రోజులే ఇచ్చారు. అందుకని మందే తీసుకుపోయినట్టు కనపడింది మీకు."

ముసలావిడ మాట్లాడదు. సిస్టర్ నెమ్మదిగా చెప్తుంది: పిల్లాడి బరువు చూసి లెక్క కట్టిన మోతాదు ఇది, తక్కువతో మొదలుపెట్టి అవసరాన్ని బట్టి పెంచుతారు, ఊపిరాడని బాధకీ ఇదే మందు. మొదటి రెండు మూడు రోజులు ఎక్కువ నిద్రపోతాడు, ఎందుకంటే నొప్పితో ఇన్నాళ్లూ నిద్రే లేదు. మలబద్ధకం చేస్తుంది కాబట్టి రాత్రిపూట విరేచనం సాఫీగా అయ్యే సిరప్ తప్పకుండా పట్టాలి.

ఈ భయం ఆ ముసలావిడ ఒక్కదానిదే కాదు. దేశం మొత్తానికీ పట్టిన భయం. నల్లమందు గసగసాల పంటని ప్రభుత్వ లైసెన్సుతో మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో పండిస్తున్నాం. ఘాజీపూర్‌లో, నీమచ్‌లో ప్రభుత్వ ఫ్యాక్టరీలు దాన్ని శుద్ధి చేస్తాయి. అయినా 1985లో వచ్చిన మాదకద్రవ్యాల చట్టం దెబ్బకి ఆసుపత్రులు మార్ఫిన్ పెట్టుకోవడమే మానుకున్నాయి. ఒక్కో మాత్రకీ అన్ని లైసెన్సులు, అన్ని సంతకాలు. ఒక తరం డాక్టర్లు ఆ మందు రాయకుండానే చదువు పూర్తిచేసి, రాయకుండానే రిటైరయ్యారు. కేరళలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ లాంటివాళ్లు ఏళ్ల తరబడి పోరాడితే 2014లో చట్టం సవరించారు. 2017లో లాన్సెట్ కమిషన్ లెక్క కట్టినప్పుడు కూడా మన దేశంలో అవసరమైన నొప్పి మందులో నూటికి నాలుగు పాళ్లే రోగులకి అందుతోందని తేలింది. ఇక్కడేమో ఆ నాలుగు పాళ్లలోంచి వచ్చిన కవరు బియ్యం డబ్బా వెనక ఉంది.

నాయనమ్మ లేస్తుంది. గ్లాసులో నీళ్లు తనే పోసి తెస్తుంది. "ఇయ్యండి మరి. నా ఎదురుగానే ఇయ్యండి."

గోడ మీద వెంకట్రామా క్యాలెండరు. ఆ తేదీల గళ్లలో సిస్టర్ బాల్‌పెన్నుతో రాస్తుంది: పొద్దున ఆరు, పది, రెండు, ఆరు, రాత్రి పది. రాత్రి పదింటికి డాక్టర్ రాసినట్టు రెట్టింపు మోతాదు, మధ్యలో ఎవరూ నిద్ర లేవక్కర్లేకుండా. వేళ కాకముందే నొప్పి ఎగదన్నితే విడిగా ఇంకొకటి. వేసిన ప్రతిసారీ గడిలో టిక్కు. ఆ టిక్కు పెట్టే పని నాయనమ్మకి అప్పగిస్తుంది.

మందు పనిచేసేలోగా మిగతా పనులు. పత్తి బోరెం ఒకటి మడిచి వీపు వెనక పెడతారు. టేబుల్ ఫ్యాన్ మొహానికి నేరుగా తిప్పుతారు. చెంపల మీద గాలి తగులుతుంటే ఊపిరాడని బాధ కొంత తగ్గుతుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు గుమ్మం దాకా వచ్చి సెలైన్ పెట్టమంటారా అని అడుగుతాడు. మంచి మనిషి, అర్ధరాత్రి పిలిచినా వచ్చేవాడు. ఇప్పుడు నీళ్లు ఎక్కిస్తే ఆయాసం పెరగొచ్చని సిస్టర్ చెప్తే తల ఊపి, తన నంబరు కూడా క్యాలెండరు అంచున రాసి వెళ్తాడు.

అరగంట దాటింది. "ఎన్ని రూపాయలు?"

ఈసారి వాడు తల్లి ముందే చెప్తాడు. "నాలుగు." కాసేపాగి, "పత్తి మీద పడుకోనా?"

"వద్దయ్యా, దుమ్ము, ఇన్‌ఫెక్షన్ వస్తదన్నారు కదా," అంటుంది తల్లి అలవాటుగా. నెలల తరబడి ఆవిడ ఆ కాపలానే కాసింది. బయటి తిండి వద్దు, స్నేహితులు రావొద్దు, దుమ్ములోకి పోవద్దు. కీమో నడుస్తున్నప్పుడు ఆ నిబంధనలు ప్రాణం కాపాడేవి. సిస్టర్ ఆవిడ మోచెయ్యి పట్టుకుని, "పడుకోనీయండమ్మా, మందపాటి దుప్పటి వేద్దాం," అంటుంది. కుప్పని ఏటవాలుగా సర్ది, దుప్పటి పరిచి, వాణ్ణి మెల్లిగా దానిమీద ఆనిస్తారు. ఎముకలు తేలిన ఆ ఒంటికి మంచంపట్టె ఒత్తుకోవడం ఆగింది. మీరు ఇంట్లోకొచ్చాక వాడి భుజాలు మొదటిసారి సడలడం చూస్తారు.

"ఇప్పుడు ఏదడిగినా ఇస్తన్నారు," అంటాడు, ఎవరితోనో చెప్పినట్టు కాకుండా. "నిన్న మిక్చరు కూడా తెచ్చాడు నాన్న."

ఆ మాట దగ్గర ఆగండి. ఇన్నాళ్లూ కొట్టి మరీ ఆపినవన్నీ ఒక వారంలో సరేనన్నప్పుడు, తిట్టే నాన్న తిట్టడం మానేసినప్పుడు, ఎప్పుడూ రాని మేనమామలు యాపిల్ పళ్లతో వచ్చి గుమ్మం దగ్గర కళ్లు తుడుచుకుంటున్నప్పుడు, ఏ పిల్లాడికి అర్థం కాదు? లుకేమియా పిల్లల వార్డులో నెలల తరబడి గడిపిన అమెరికన్ మానవశాస్త్రవేత్త మైరా బ్లూబాండ్-లాంగ్నర్ 1978లో ఒక పుస్తకం రాశారు. ఎవరూ చెప్పకపోయినా చిన్న చిన్న పిల్లలకి కూడా తాము చనిపోతున్నామని తెలుసు. తెలియనట్టు నటిస్తారు, పెద్దలు తమని వదిలి దూరం జరగకుండా ఉండాలని. ఆవిడ అక్కడ చూసిందే ఈ పత్తి గదిలో మీ కళ్లెదుట జరుగుతోంది.

తల్లి పొయ్యి దగ్గరికి వెళ్లింది. వాడు సిస్టర్ వైపు తిరుగుతాడు.

"ఆంటీ, నా సైకిలు చెల్లికి ఎప్పటికి సరిపోద్ది?"

"చెల్లికిద్దామనుకుంటన్నావా?"

"ఊఁ. సీటు దించితే ఇప్పుడే సరిపోద్ది."

సిస్టర్ ఏమీ అనదు. ఆ ఖాళీని పూడ్చేయాలని మీకు నోటిదాకా వస్తుంది, "నీకు తగ్గాక నువ్వే తొక్కుదువులే" అని. అనకండి. ఆ ఒక్క మాటతో వాడు తెరిచిన తలుపు మూసుకుపోతుంది.

"నాకు తగ్గదు కదా," అంటాడు కాసేపటికి.

"ఎవరన్నా చెప్పారా?"

"ఎవరూ చెప్పలా."

"నీకట్టా అనిపిస్తందా?" వాడు తలూపుతాడు. "మందులు ఆ గడ్డని తగ్గించలేకపోతన్నాయి నాన్నా. నొప్పిని మాత్రం తగ్గిస్తాయి. ఆ పని మేం వదిలిపెట్టం. నీకు దేనికన్నా భయమేస్తందా?"

మీరు పెద్ద జవాబేదో వస్తుందనుకుంటారు. వాడి భయం అంతకన్నా దగ్గరిది. "రాత్రిపూట ఊపిరాడదు. అప్పుడు అమ్మ నిద్రపోతంటే? గట్టిగా పిలవలేను."

దీనికి వైద్యం ఉంది. విడి మాత్ర ఎక్కడుందో వాడికే చూపిస్తుంది సిస్టర్. రాత్రంతా ఫ్యాన్ పక్కనే ఉంటుంది. పిలవడానికి ఏం చేద్దామని వాణ్ణే అడిగితే, వసారాలో గోడకి ఆనించిన సైకిలు వంక చూస్తాడు. స్పానరుతో దాని బెల్లు ఊడదీసి మంచంపట్టెకి బిగించేస్తారు. వాడు బొటనవేలితో నొక్కి చూస్తాడు. పెరట్లోంచి తల్లి పరుగెత్తుకొస్తుంది.

"ఊరికే," అంటాడు. నవ్వాడు కూడా.

పెరట్లో, నీళ్ల తొట్టి పక్కన, తల్లి సిస్టర్‌ని నిలదీస్తుంది. "వాడితో ఏం మాట్లాడారు?"

జరిగింది జరిగినట్టు చెప్తుంది సిస్టర్. సైకిలు సంగతి, తగ్గదు కదా అన్న మాట, తనిచ్చిన జవాబు. "వాడికి తెలుసమ్మా. మీకు తెలుసని కూడా తెలుసు. నా అంతట నేనేం చెప్పలేదు. వాడడిగితే అబద్ధం ఆడలేను, ఆ సంగతి ఫోన్లోనే చెప్పా మీకు."

తల్లి మొహంలో ముందు కోపం వస్తుంది. వద్దన్నాక కూడానా అని. ఆ కోపం న్యాయమైనదే అని నేనంటాను. మన ఇళ్లలో జబ్బు సంగతి రోగికి కాక ఇంటి పెద్దకే ముందు చెప్తారు. చెడ్డ కబురు మోయడం పెద్దవాళ్ల పని, పిల్లల మీద పెట్టకూడదనే ప్రేమ దాని వెనక ఉంది. ఆ ప్రేమని తీసిపారేసే హక్కు ఏ డాక్టరుకీ, ఏ నర్సుకీ లేదు. కానీ దాచడం వల్ల ఈ పిల్లాడు పోగొట్టుకుంటున్నదేమిటో కూడా చూడాలి. నొప్పి ఎనిమిదని చెప్పుకునే మనిషిని పోగొట్టుకున్నాడు. రాత్రి భయమేస్తుందని చెప్పుకునే మనిషిని పోగొట్టుకున్నాడు. మూడని చెప్పిన నొప్పికి మూడు రూపాయల మందే పడుతుంది.

స్వీడన్‌లో క్యాన్సర్‌తో బిడ్డలు పోయిన తల్లిదండ్రుల్ని ఏళ్ల తర్వాత అడిగారు, ఆ ఫలితాలు 2004లో అచ్చయ్యాయి. చావు గురించి బిడ్డతో మాట్లాడినవాళ్లు 147 మంది. ఎందుకు మాట్లాడామా అని ఒక్కరు కూడా బాధపడలేదు. మాట్లాడనివాళ్లు 258 మందిలో 69 మంది, మాట్లాడి ఉండాల్సిందని ఇంకా బాధపడుతున్నారు. స్వీడన్ వేరు, పెదనందిపాడు రోడ్డు వేరు, ఒప్పుకుంటాను. అయినా ఆ సున్నా నాకు చాలా పెద్ద అంకెగా కనపడుతుంది.

"నేనేం మాట్లాడాలి వాడితో?" తల్లి గొంతు ఇప్పుడు మారింది. "నా నోటితో ఆ మాట ఎట్టా అనేది?"

"ఆ మాట అనక్కర్లా. సైకిలు చెల్లికిస్తావంటగా అని అడగండి. మిగతాది వాడే చెప్తాడు. మీకు ఏడుపొస్తే ఏడవండి, వాడి ముందే. మీ ఏడుపు చూసి వాడు భయపడడు. మీరు దాక్కుని ఏడుస్తుంటేనే భయపడతన్నాడు."

మధ్యాహ్నం దాటాక తండ్రి వస్తాడు. గుంటూరు యార్డుకి వెళ్లి కమీషన్ కొట్టులో అడ్వాన్సు అడిగి వస్తున్నాడు. చేసేది కౌలు, సొంతానిది ఒకటే ఎకరం. బంధువెవరో చెన్నైలో పెద్ద ఆసుపత్రి పేరు చెప్పారు, ఎనిమిది లక్షలవుతుందట. ఎకరం బేరం పెట్టాడు. నిలబడే అడుగుతాడు: "ఆపేస్తే మేమే చంపుకున్నట్టు కాదా సిస్టరమ్మా? రేపు ఊరేమంటది? నా ఆడదానికి నేనేం చెప్పేది?"

మన రాష్ట్రం ఈ ప్రశ్నని కోర్టు మెట్ల మీద కూడా చూసింది. 2016లో చిత్తూరు జిల్లా తంబళ్లపల్లెలో ఒక జంట, కాలేయం చెడిపోయిన ఎనిమిది నెలల పాపకి కారుణ్య మరణం ఇప్పించమని కోర్టుకెళ్లింది. వైద్యానికి డబ్బు లేక. సంగతి బయటికొచ్చాక ప్రభుత్వ ఖర్చుతో చెన్నైలో కాలేయ మార్పిడి జరిగింది. 2021 జూన్‌లో అదే జిల్లా పుంగనూరులో, తొమ్మిదేళ్ల కొడుకు బాధ చూడలేక ఒక తల్లి అదే కోరికతో కోర్టుకొచ్చింది. ఇంటికి తిరిగెళ్తుండగా ఆటోలోనే బిడ్డ పోయాడు. పత్రికలు రెండింటినీ చావు కోరిన తల్లిదండ్రుల కథలుగా రాశాయి. నేను అలా చదవలేను. ఆ అర్జీల్లో అడిగింది ఒకరికి డబ్బు, ఒకరికి బాధ నుంచి విముక్తి. ఒక్క నర్సు ఇంటికొచ్చి ఉంటే, ఒక్క అట్ట మార్ఫిన్ ఉండి ఉంటే, పుంగనూరు తల్లి ఆ రోజు బిడ్డతో ఇంట్లోనే ఉండేదేమో.

సిస్టర్ మందు రాసిన డాక్టర్‌కి ఫోన్ కలిపి స్పీకర్ పెడుతుంది. డాక్టర్ తొందరపడకుండా మాట్లాడతారు. పనిచేయని మందు ఆపడం చంపడం కాదు. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కూడా ఆ తేడానే చెప్పింది: ప్రాణం తీసే ఇంజెక్షను నేరం, కోలుకోలేని దశలో, మేలు చేయని వైద్యాన్ని పద్ధతి ప్రకారం ఆపి మనిషిని గౌరవంగా వెళ్లనివ్వడం నేరం కాదు. "చెన్నై ఆసుపత్రి వాళ్లతో నేనూ మాట్లాడి చూస్తానండి. అక్కడ కొత్తగా ఇచ్చే మందేదన్నా ఉంటే నేనే పంపిస్తా. లేదనుకోండి, ఎకరం అమ్మి తీసుకెళ్తే వాడికి దక్కేది ప్రయాణం, ఐసీయూ, గొట్టాలు. మీరు బయట, వాడు లోపల."

తండ్రి అప్పుడు కూర్చుంటాడు.

ఈ మాట చెప్పగల మనుషులు మనకెంతమంది ఉన్నారు? హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో డాక్టర్ గాయత్రి పాలట్ నిలబెట్టిన, నొప్పీ బాధా తగ్గించే పాలియేటివ్ విభాగం పిల్లల కోసం ప్రత్యేకంగా పనిచేస్తోంది. గుంటూరు జీజీహెచ్‌లో నాట్కో ట్రస్టు కట్టించిన క్యాన్సర్ కేంద్రం వచ్చాక కీమో కోసం చాలామందికి హైదరాబాద్ ప్రయాణం తప్పింది. జబ్బు బయటపడిన రోజు నుంచే, వైద్యంతో పాటే ఈ సంరక్షణ మొదలవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1998లోనే చెప్పింది. పల్నాడులో, ప్రకాశంలో ఇంటి మంచం దాకా వచ్చే చెయ్యి మాత్రం ఇంకా అరుదే. వచ్చినా, అన్నీ అయిపోయాక వస్తుంది.

సాయంత్రం నాలుగింటికి గాలి మళ్లింది. ఎదురు కల్లంలో కాయ తిరగేస్తుంటే ఘాటు నేరుగా కిటికీలోకి కొట్టి పిల్లాడు దగ్గు ఆపుకోలేకపోతున్నాడు. కిటికీ మూస్తే ఉక్క, తెరిస్తే ఘాటు. తండ్రి తన పట్టాలు లాగేసుకుంటాడు, అవి రెండే. మిగతాదంతా ఎదురింటాయనది, పోయినేడు గట్టు తగాదాలో మాటల్లేనివాడు. సిస్టర్ అడగబోతుంటే తండ్రి వద్దంటాడు. మీరు చూస్తుండగానే ఎదురింటాయన తన కూలీలను కేకేస్తాడు. నలుగురు నాలుగు మూలలా పట్టుకుని, ఎండిన కాయ విరక్కుండా, పట్టా తర్వాత పట్టా ఊరి చివర రోడ్డు పక్కకి మోసుకుపోతారు. చీకటి పడేదాకా ఆ పని నడుస్తుంది. ఆయన ఇంట్లోకి రాడు, ఈయన బయటికి పోడు.

లోపల సిస్టర్ తండ్రితో చివరి సంగతులు మాట్లాడుతోంది. ఇవి చెప్పుకోవాల్సినవే, అర్ధరాత్రి కంగారులో తేల్చుకునేవి కావు. ఆయాసం బాగా పెరిగితే ముందు విడి మాత్ర, ఫ్యాన్, తర్వాత తనకి ఫోన్. 108కి ఫోన్ చేస్తే తప్పేం లేదు, కానీ వాళ్లొస్తే ఆసుపత్రికే తీసుకెళ్తారు, అక్కడ గొట్టం వేస్తారు. అది కావాలో వద్దో ఇవాళే అనుకోండి. పిల్లాడు ఎక్కడుంటానంటున్నాడో కూడా అడగండి.

"అడిగా," అంటుంది తల్లి గుమ్మంలోంచి. ఎప్పుడడిగిందో మనం చూడలేదు. కళ్లు ఉబ్బి ఉన్నాయి. "ఇక్కడే అన్నాడు. పత్తి అమ్మొద్దన్నాడు అప్పటిదాకా."

తండ్రి చాలాసేపు ఏమీ అనడు. తర్వాత అడిగిన ప్రశ్న వేరేది. "చిన్నదాన్ని వాళ్ల అమ్మమ్మ గారి ఊరు పంపిద్దామనుకుంటన్నాం. ఇవన్నీ చూస్తే భయపడుద్దని. రేపు బస్సెక్కించమంటారా?"

"ఎనిమిదేళ్ల పిల్ల. వాడికి మందిస్తంటే గ్లాసు పట్టుకుని నిలబడింది పొద్దున. పంపించి, అన్నీ అయ్యాక తీసుకొస్తే ఏమని చెప్తారు దానికి?" సిస్టర్ బ్యాగు జిప్పు వేస్తూ అంటుంది. "దాన్నే అడగండి."

తండ్రి పిలుస్తాడు. సీటు దించిన సైకిలు వదలకుండానే వసారాలోకి తోసుకొస్తుంది ఆ పిల్ల.

"అమ్మమ్మ దగ్గరికి పోతావా, అన్న దగ్గరుంటావా?"

"ఉంటా," అంటుంది. "శుక్రవారం మాత్రం బడికి పోవాలి, లెక్కల పరీక్ష. అప్పుడు బెల్లు కొడితే మీరు వినండి."